పాస్‌వర్డ్ సరైనదే, అయినా మళ్లీ లాగిన్ దగ్గరికే వచ్చేస్తోంది

శ్రీకాకుళం నుంచి అడిగినవారికి. ఉబుంటు 22.04లో (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే) మానిటర్ రిజల్యూషన్ కోసం ఏవో మార్చారు, అప్పట్నుంచి పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తోంది, షాపులో ఫార్మాట్ చెయ్యాలన్నారు. ఇదే కదండీ? ఫార్మాట్ జోలికి వెళ్లకండి. పాస్‌వర్డ్ తప్పైతే తప్పని మెసేజ్ వచ్చేది. తెర నల్లబడిందంటే మిమ్మల్ని రానిచ్చింది, డెస్క్‌టాపే లేవలేక పడిపోయింది.

నాది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చిన్న డీటీపీ షాపు. మంగళవారం సిరిమాను ఉత్సవం అనగా ఆదివారం రాత్రి నాకూ ఇలాగే అయింది. ఫ్లెక్సీ డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. బల్ల మీద కూర్చున్న పెద్దాయన "ఇంకెంతసేపు బాబూ" అంటున్నారు. టెన్షన్‌లో పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాను, ఆయన ముందే!

చివరికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాను. అక్షరాలు మాత్రమే ఉండే నల్ల తెర వచ్చింది. అదే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, ఫైళ్ల జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్ కొడితే ఫైళ్లన్నీ కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. హోమ్‌లో డాట్ లోకల్, అందులో షేర్, అందులో ఎక్స్‌ఆర్గ్ ఫోల్డర్. ఎక్స్‌ఆర్గ్ అంటే తెర మీద బొమ్మ చూపించే ప్రోగ్రామ్. అక్కడున్న లాగ్‌లో, అంటే జరిగింది రాసుకునే ఫైల్లో, 'ఈఈ' అని గుర్తున్న లైన్లే తప్పులు. ఆఖర్న 'నో స్క్రీన్స్ ఫౌండ్' అని ఉంది.

అప్పుడు వెలిగింది. ఫ్యాను గోల పడలేక ఆ మధ్యాహ్నమే పాత గ్రాఫిక్స్ కార్డు పీకేసి, మానిటర్ వైరు మదర్‌బోర్డుకి పెట్టాను. ఆ కార్డు కోసం ఎప్పుడో నా చేత్తో రాసిన ఎక్స్‌ఆర్గ్ డాట్ కాన్ఫ్ మాత్రం ఈటీసీలోని ఎక్స్11 ఫోల్డర్‌లో అలాగే ఉండిపోయింది. లేని కార్డు కోసం వెతుకుతోంది పాపం. లాగిన్ తెర వేలాండ్ మీద నడుస్తుంది (ఎక్స్‌ఆర్గ్ చేసే పనే చేసే కొత్త పద్ధతి), ఆ ఫైలు దానికి పట్టదు, అందుకే బాగానే కనిపించింది. నా సెషన్ ఎక్స్‌ఆర్గ్ కాబట్టి పడిపోయింది. ఫైలు తీసెయ్యకుండా సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో, పేరు మార్చి రీస్టార్ట్ చేశాను, వచ్చేసింది.

మీరు ముందు ఈ పని చెయ్యండి. లాగిన్‌లో మీ పేరు నొక్కితే కింద కుడివైపు పళ్ల చక్రం గుర్తు వస్తుంది. అందులో 'ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్' ఎంచుకుని ఉంటే 'ఉబుంటు'కి (అది వేలాండ్), 'ఉబుంటు' ఎంచుకుని ఉంటే 'ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్'కి మార్చి చూడండి. ఒకదానితో లోపలికి వెళ్లగలిగితే గొడవ గ్రాఫిక్స్‌దే. రిజల్యూషన్ సెట్టింగ్స్‌లోంచే మార్చి ఉంటే, అది హోమ్‌లో డాట్ కాన్ఫిగ్‌లోని మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో ఉంటుంది, దాని పేరు కూడా మార్చండి. కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ అయ్యాక మొదలైతే, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి.

గ్రాఫిక్స్‌తో సంబంధం లేకుండా డిస్కు నిండిపోయినా ఇలాగే తిరుగుతుంది, ఆ నల్ల తెరలోనే డిస్కులో ఖాళీ ఎంతుందో చూపించే డీఎఫ్ మైనస్ హెచ్ కమాండ్ కొట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ 'ఈఈ' లైన్లు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టండి, చూస్తాను.