నాటోలో సైన్యం పాత్ర ఎంత, రాజకీయం పాత్ర ఎంత?

నాటో సైనిక కూటమి కదా, అందులో రాజకీయానికి పనేమిటని అడిగారు. నేను స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. స్వీడన్ ఆ కూటమిలో చేరడానికి పడ్డ పాట్లు దగ్గరుండి చూసినవాడిగా చెబుతున్నాను.

ఇంచుమించు రెండు వందల ఏళ్లు ఏ సైనిక కూటమిలోనూ చేరని దేశమిది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లాక, మే 18న ఫిన్లాండ్‌తో కలిసి దరఖాస్తు పెట్టింది. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లోనే చేరిపోయింది. స్వీడన్‌కు 2024 మార్చి 7 దాకా పట్టింది. సైన్యం బలహీనమా అంటే, యుద్ధ విమానాలూ జలాంతర్గాములూ సొంతంగా కట్టుకునే దేశం! కొత్తవారు చేరాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి. తుర్కియే (టర్కీ), హంగరీ మొండికేశాయి.

తమ దేశంపై పోరాడే కుర్దు జాతి తీవ్రవాదులకు స్వీడన్ ఆశ్రయమిస్తోందన్నది తుర్కియే ఆరోపణ. దాంతో ఉగ్రవాద సంస్థల్లో పాల్గొనడమే నేరమంటూ 2023 జూన్‌లో ఇక్కడ కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందే, ఆ ఏడాది జనవరిలో, ఇక్కడి తుర్కియే రాయబార కార్యాలయం ముందు ఒకడు ఖురాన్ తగలబెట్టడంతో వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. మా ఆఫీసులో ఒక తుర్కియే మిత్రుడు, ఒక కుర్దు మిత్రురాలు రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేసేవారు. ఆ నెలంతా ఇద్దరూ వాతావరణం గురించే మాట్లాడుకున్నారు.

చివరికి 2024 జనవరి 23న తుర్కియే పార్లమెంటు ఆమోదించింది. మూడు రోజులకే ఆ దేశానికి ఎఫ్-16 యుద్ధ విమానాల అమ్మకానికి అమెరికా ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. ఫిబ్రవరిలో స్వీడన్ ప్రధాని హంగరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లి, స్వీడన్‌లో తయారయ్యే గ్రిపెన్ యుద్ధ విమానాలు నాలుగింటిని ఆ దేశానికి అమ్మే ఒప్పందం కుదుర్చుకున్నారు. తరువాతి సోమవారమే హంగరీ పార్లమెంటు సరేనంది. ఇందులో బేరం లేదంటే నేను నమ్మను.

ఇక నాటో ఒప్పందంలోని ఐదో అధికరణం. ఒకరిపై దాడి అందరిపై దాడి అన్న మాట అందరికీ తెలుసు. ఆ తరువాతి భాగమే ఎవరూ చదవరు: ఒక్కో దేశం తనకు అవసరమని తోచిన చర్య తీసుకుంటుందని అక్కడుంది. సైన్యం పంపాలా, మందులు పంపాలా అన్నది ఆయా ప్రభుత్వాల ఇష్టం. ఇంతవరకూ దాన్ని ప్రయోగించింది ఒక్కసారే, 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత.

డబ్బు సంగతీ అంతే. 2035 నాటికి రక్షణ, దాని అనుబంధ ఖర్చులు జీడీపీలో 5 శాతానికి చేర్చాలని 2025లో హేగ్‌లో జరిగిన నాటో శిఖరాగ్ర సమావేశంలో తీర్మానించారు. అంత ఖర్చు మావల్ల కాదని స్పెయిన్ అప్పుడే తేల్చి చెప్పింది.