మహమ్మారి వస్తే కాలేజీ ఆటలు ఆపాల్సిందేనా? గుండె భయం, డబ్బు లెక్క, ఇంట్లో పెద్దవాళ్లు

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం ఒహాయోలో ఉంటున్నాం. మా పెద్దమ్మాయి 2020లో యూనివర్సిటీ ఈత జట్టులో ఉండేది. కొవిడ్‌తో సీజన్ ఆగింది, ఆ తర్వాత జట్టునే ఎత్తేశారు. మానసికంగా చాలా నలిగిపోయింది. ఇప్పుడు మా అబ్బాయికి (19) టెన్నిస్‌లో పాక్షిక స్కాలర్‌షిప్ వచ్చింది. అలాంటి మహమ్మారి మళ్లీ వస్తే వాణ్ణి ఆడనివ్వాలా? గుండె దెబ్బతింటుందని అప్పట్లో చదివాం. ఆడనంటే స్కాలర్‌షిప్ పోతుందా? మా అమ్మకు 71 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. విజిటర్ వీసా మీద వచ్చి మాతో ఆరు నెలలు ఉంటుంది.

జవాబు: అసలు సమస్య మీరు చివర్లో చెప్పిన మీ అమ్మగారి విషయం. అయితే మీరు ముందు అడిగింది గుండె గురించి కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం.

వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు గుండె కండరం వాచే అవకాశం ఉంది. దీన్నే మయోకార్డైటిస్ అంటారు. వాచిన కండరంతో తీవ్రంగా వ్యాయామం చేస్తే వాపు ముదిరి మచ్చ పడవచ్చు, గుండె లయ తప్పవచ్చు. కొవిడ్‌కు ముందు నుంచీ తెలిసిన సంగతే ఇది. 2020లో భయం పెంచింది మీ రాష్ట్రంలోనే జరిగిన ఒక చిన్న అధ్యయనం. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కొవిడ్ వచ్చి తగ్గిన 26 మంది క్రీడాకారులకు గుండె ఎంఆర్‌ఐ తీస్తే నలుగురిలో, అంటే 15 శాతం మందిలో, వాపు ఆనవాళ్లు కనిపించాయి. పోల్చి చూడటానికి కొవిడ్ రాని క్రీడాకారుల స్కాన్లు అందులో లేవు. కఠిన శిక్షణతోనే క్రీడాకారుల గుండె కాస్త పెద్దదవుతుంది, స్కాన్‌లో మామూలు మనిషి గుండెలా కనిపించదు. తర్వాత బిగ్ టెన్ అనే క్రీడా కూటమి కాలేజీల్లో 1,597 మందిని ఎంఆర్‌ఐతో చూస్తే 37 మందిలో (2.3 శాతం) వాపు తేలింది. లక్షణాలున్నవారినే పరీక్షించి ఉంటే దొరికేది ఐదుగురే. 42 కాలేజీల్లో కొవిడ్ వచ్చిన 3,018 మందిని గమనించిన మరో రిజిస్ట్రీలో (రోగుల వివరాల నమోదులో) గుండె మీద ప్రభావం కనిపించింది 21 మందిలో, అంటే 0.7 శాతం. కాబట్టి భయం ఉత్తిది కాదు గానీ 15 శాతమూ కాదు. ఈ అంకెలు కొవిడ్‌వి మాత్రమే. రేపు వచ్చే వైరస్ గుండెను ఎంత పట్టుకుంటుందో దాని లెక్క దానిదే.

నా అభిప్రాయంలో గుండె ప్రమాదం జట్టు మొత్తాన్ని ఆపడానికి కారణం కాదు, జబ్బుపడిన ఆటగాణ్ణి ఆపడానికి కారణం. జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు ఉన్నన్నాళ్లూ మీ అబ్బాయి రాకెట్ పట్టకూడదు. 'చెమట పడితే జ్వరం దిగుతుంది' అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది, దాన్ని పక్కన పెట్టండి. లక్షణాలు తగ్గాక, రోజువారీ పనులు ఆయాసం లేకుండా చేసుకోగలిగినప్పుడు మొదలుపెట్టాలి. అతని వయసుకు గరిష్ఠ గుండె వేగం సుమారు 200 (220లోంచి వయసు తీసేస్తే వచ్చేది). మొదటి రెండు రోజులు 15 నిమిషాల నడక లేదా సైకిల్, గుండె వేగం 140 దాటకుండా. మూడో రోజు 30 నిమిషాలు, నాలుగో రోజు 45, ఐదు, ఆరు రోజుల్లో గంట చొప్పున. ఈ నాలుగు రోజులూ 160 దాటకూడదు. ఏడో రోజు నుంచి మామూలు ప్రాక్టీస్. మధ్యలో ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, ఇంతకుముందు లేని ఆయాసం కనిపిస్తే అక్కడితో ఆపేసి ఈసీజీ, ఎకో, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రొటీన్) చూపించాలి. ట్రోపోనిన్ పరీక్షకు ముందు ఒకటి రెండు రోజులు వ్యాయామం చేయకూడదు. ఆరోగ్యవంతుడికి కూడా గట్టిగా పరుగెత్తితే అది పెరుగుతుంది, ఆ అంకె చూసి అనవసరంగా ఎంఆర్‌ఐ దాకా పరుగులు పెట్టాల్సి వస్తుంది. వాపు ఖాయమైతే మాత్రం సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆట బంద్. ఇక్కడ బేరాలు లేవు.

ఆటలు ఆపినా ఆరోగ్యానికి నష్టం ఉంది, మీ అమ్మాయి విషయంలో చూశారు. 2020 వసంతంలో అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేసిన సర్వేలో మూడో వంతుకు పైగా క్రీడాకారులు నిద్ర సరిగా పట్టడం లేదన్నారు. పన్నెండు మందిలో ఒకరు దాదాపు ప్రతిరోజూ పని చేసుకోలేనంత కుంగుబాటు ఉందన్నారు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి తప్పి, స్నేహితులకు దూరంగా ఉంటే కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి పంపండి. చచ్చిపోతాననే మాటలు వస్తే ఆ క్షణమే 988కి (అమెరికాలో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. ఇక విరామం తర్వాత ఒక్కసారిగా పూర్తి శిక్షణలోకి దూకితే కండరాలు, మడమ వెనుక స్నాయువు (అకిలీస్ టెండన్) దెబ్బతింటాయి. అమెరికా కండిషనింగ్ కోచ్‌ల నియమం ఇది: మొదటి వారం మామూలు భారంలో 50 శాతం కోత, రెండో వారం 30, మూడో వారం 20, నాలుగో వారం 10.

డబ్బు సంగతికొస్తే, 2020 మార్చి 12న ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టోర్నీ రద్దయింది. 27 కోట్ల డాలర్ల రద్దు బీమా ఉన్నా, డివిజన్ 1 (పై స్థాయి) కాలేజీలకు పంచే సొమ్ము 60 కోట్ల నుంచి 22.5 కోట్లకు పడిపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ సంపాదిస్తేనే ఈత, టెన్నిస్, జిమ్నాస్టిక్స్ నడిచేది. హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీల కూటమి ఐవీ లీగ్‌లో ఆటల స్కాలర్‌షిప్‌లు లేవు, జట్లు టీవీ సొమ్ము మీద ఆధారపడవు. అందుకే ఆ ఏడాది శరదృతువు ఆటలను జులైలోనే ఆపగలిగింది. బిగ్ టెన్ ఆగస్టు 11న ఆపి, సెప్టెంబర్ 16న మళ్లీ ఆడతామంది. ఆ నెల రోజుల్లో రోజూ చేయగల, త్వరగా ఫలితమిచ్చే యాంటిజెన్ పరీక్షలు అందుబాటులోకి రావడం నిజమే, ఖజానా ఒత్తిడీ నిజమే. ఫుట్‌బాల్ తిరిగొచ్చినా స్టేడియాలు ఖాళీ, టికెట్ డబ్బు లేదు. అయోవా యూనివర్సిటీ ఆగస్టులో నాలుగు జట్లను తీసేస్తామని ప్రకటించింది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ అక్టోబర్‌లో ఈత జట్టును ఎత్తేస్తామంది. స్టాన్‌ఫర్డ్ 11 క్రీడలు తీసేస్తామని, 2021 మేలో వెనక్కి తగ్గింది.

ఆడించడానికీ ఖర్చుంది. ఆటగాళ్లు, సిబ్బంది కలిపి 150 మంది ఉన్న జట్టుకు వారానికి మూడు సార్లు, 12 వారాలు పరీక్షలు చేస్తే 5,400 అవుతాయి. అప్పట్లో పీసీఆర్‌కు మెడికేర్ (వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇచ్చిన 100 డాలర్ల ధరన లెక్కేస్తే 5.4 లక్షల డాలర్లు. పది మంది టెన్నిస్ జట్టుకు అదే లెక్కన 36 వేలు. మొత్తం తక్కువే, కానీ టెన్నిస్ తిరిగి సంపాదించేది దాదాపు ఏమీ లేదు. కోత పడేటప్పుడు చూసేది దీన్నే. ఆటగా చూస్తే మాత్రం టెన్నిస్ సురక్షితమైనదే: చాలాసార్లు బయట, దూరంగా నిలబడి ఆడతారు. అంటుకునేది కోర్టులో కాదు, వ్యానులో, భోజనాల దగ్గర, అద్దె ఇంట్లో రూమ్మేట్ల మధ్య.

స్కాలర్‌షిప్ విషయంలో 2020 ఆగస్టు 5న ఎన్‌సీఏఏ మూడు హామీలిచ్చింది: కొవిడ్ భయంతో తప్పుకున్నా స్కాలర్‌షిప్ తీసేయకూడదు, బాధ్యత మాది కాదని సంతకాలు తీసుకోకూడదు, కొవిడ్ వైద్యఖర్చు కుటుంబం మీద పడకూడదు. అవి ఆ ఏటి మాటలు. వచ్చేసారి మళ్లీ ఇస్తారని ఏ పత్రంలోనూ రాసి ఉండదు. మామూలు నిబంధనల్లో గాయం వల్ల స్కాలర్‌షిప్ తీయకూడదు, తనంతట తాను తప్పుకుంటే తీయవచ్చు. అందుకే సంతకానికి ముందు కోచ్‌ని కాకుండా కాంప్లయన్స్ ఆఫీసును (కాలేజీలో ఆటల నిబంధనలు చూసే విభాగాన్ని) ఈమెయిల్‌లో అడగండి: వైద్య కారణంతో సీజన్ వదులుకుంటే అది స్వచ్ఛందం కిందికి వస్తుందా? జట్టునే రద్దు చేస్తే డిగ్రీ అయ్యేదాకా డబ్బు ఇస్తారా? జబ్బుకు ప్రైమరీ ఇన్సూరెన్స్ (ముందుగా బిల్లు కట్టేది) మీదా, వాళ్లదా? ఫోన్లో చెప్పిన హామీ లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ అమ్మగారు. 19 ఏళ్ల కుర్రాడికి వారం జ్వరంతో పోయేది, షుగర్ ఉన్న 71 ఏళ్ల మనిషికి ఐసీయూ కావచ్చు. విజిటర్లు చాలామంది తీసుకునే ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీ గది అద్దెకు ఇంత, డాక్టర్ విజిట్‌కు ఇంత అని కట్టి ఇస్తుంది, మిగతా బిల్లు మీదే. ముందునుంచీ ఉన్న షుగర్‌తో ముడిపెట్టి తిరస్కరించే అవకాశమూ ఉంది. అందుకని అలాంటి పరిస్థితే వస్తే, అబ్బాయి ఆడాలా వద్దా అన్నదానికంటే సీజన్ మధ్యలో ఇంటికి రావాలా వద్దా అన్నదే ముందు తేల్చుకోండి. వస్తే వచ్చిన రోజు, మూడో రోజు, ఐదో రోజు పరీక్ష. ఐదో రోజు ఫలితం వచ్చేదాకా వేరే గది, వేరే బాత్రూమ్, భోజనం గదిలోకే. అవ్వ తిరిగి వెళ్లేముందు మనవణ్ణి ఒక్కసారి హత్తుకుంటానంటే, ఆ ఐదు రోజులయ్యాకే.