తేదీ తర్వాత, ముందు ప్రూఫు

బుజ్జీ,

నవల పూర్తయిందనీ, పబ్లిషర్ల చుట్టూ తిరగకుండా నువ్వే అచ్చు వేసుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! చిన్నప్పుడు నేను ప్రెస్సు కోసం తప్పులు దిద్దే ప్రూఫు కాగితాల వెనకవైపు కథలు రాసి, అడుగున 'సశేషం' అని పెట్టి ఆటకి పారిపోయేదానివి. ఆ పిల్ల ఇవాళ ఒక కథని చివరిదాకా తీసుకొచ్చింది. నవల మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది, ముగించేవాళ్లే తక్కువ. అందుకే ముందు నీకు నా మెచ్చుకోలు.

ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. వచ్చే నెలలోనే విడుదల అని అందరికీ చెప్పేశావట, చివరి అధ్యాయాలు మాత్రం ఇంకా దిద్దుతూనే ఉన్నావట. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఎవరడిగారే నిన్ను తేదీ చెప్పమని?

సొంతంగా వేసుకుంటే లోకువ అని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ అంతటివాడు, పబ్లిషర్లు కాదన్నాక, 1913లో తన మహానవల మొదటి సంపుటాన్ని సొంత ఖర్చుతోనే వేయించుకున్నాడు. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్, ఆమె భర్త 1917లో చేత్తో నడిపే అచ్చుయంత్రం కొనుక్కుని ఇంట్లోనే ప్రెస్ పెట్టారు. నా భయం అది కాదు. పబ్లిషరు దగ్గరైతే ఎడిటరు, ప్రూఫు రీడరు, పేజీలు కట్టేవాళ్లు, బొమ్మ వేసేవాళ్లు ఇంతమంది చేసే పని ఇప్పుడు నీ ఒక్కదాని నెత్తినే పడుతుంది. అందులో ఏది తగ్గినా అడిగేవాళ్లు ఉండరు, నిన్ను నువ్వే అడగాలి.

నీకు తెలిసినవే ఒక్కో మాటలో చెప్పేస్తాను. రాసింది కొన్ని వారాలు కళ్లకి కనపడకుండా పెట్టి, ఆ తర్వాత చదువు. పైకి చదువు, సంభాషణల్లో నోరు తిరగని చోటల్లా ఏదో తేడా ఉన్నట్టే. నిన్ను ఎరగని పాఠకులు ఇద్దరు ముగ్గురికైనా ఇచ్చి, ఎక్కడ పక్కన పడేయాలనిపించిందో అడుగు, బాగుందా అని మాత్రం అడక్కు. ఎడిటింగు వేరు, ప్రూఫు వేరు. మూడో అధ్యాయం అనవసరం అని చెప్పేది ఎడిటరు, మూడో అధ్యాయంలో దీర్ఘం పోయిందని చెప్పేది ప్రూఫు రీడరు. మొదటిది అవ్వకుండా రెండోదానికి దిగితే, తీసేయబోయే పేజీల్లో దీర్ఘాలు దిద్దుకుంటూ కూర్చుంటావు.

ఒక కాగితం మీద నీ నవల మర్యాదలు రాసి పెట్టుకో. 'వాళ్ళు'నా 'వాళ్లు'నా, 'చేసాడు'నా 'చేశాడు'నా, 'కూర్చొని'నా 'కూర్చుని'నా. ఏది రాసినా ఫరవాలేదు, మొదటి పేజీలో రాసిందే చివరి పేజీలోనూ ఉండాలి. అదే కాగితం మీద మనుషుల పేర్లు, వయసులు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో కూడా రాసుకో. నలభయ్యో పేజీలో 'బావగారూ' అన్న మనిషి తొంభయ్యో పేజీలో 'అన్నయ్యా' అంటే, పాఠకుడు కథలోంచి బయటికొచ్చి చుట్టరికం లెక్కేసుకుంటూ ఉంటాడు. ఇలాంటివి నేను ఎన్నింటిని పట్టుకున్నానో!

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. మా ప్రెస్సుకి ఒకాయన తన మొదటి నవల సొంతంగా వేయించుకోవడానికి వచ్చాడు. నెమ్మదైన మనిషి, మంచి చెయ్యి. ప్రూఫులు నేనే చూశాను, నా దగ్గర్నుంచి శుభ్రంగానే వెళ్లింది. కథానాయకుడి పేరు రవి. అచ్చుకి వెళ్లే ముందు రోజు రాత్రి ఆయనకి ఒక అనుమానం పట్టుకుంది, వాళ్ల చుట్టాల్లో ఒక రవి ఉన్నాడు, ఇదంతా తన గురించే రాశారని ఆయన నొచ్చుకుంటాడేమోనని. పేరు మధు అని మార్చేస్తే గొడవ ఉండదు కదా అనుకుని కంప్యూటర్లో పేజీలు కట్టే డీటీపీ కుర్రాడి పక్కన కూర్చున్నాడు. మన భాషలో పేరుకి విభక్తి అతుక్కునే వస్తుంది కాబట్టి, విడిగా ఉన్న మాటనే మార్చమంటే రవిని, రవికి, రవితో అన్నీ మిగిలిపోతాయి. అందుకని 'రవి' ఎక్కడున్నా 'మధు' చెయ్యమని ఒకే ఒక్క నొక్కు నొక్కారు. రవిని మధుని అయింది, రవితో మధుతో అయింది. నాలుగు పేజీలు తిరగేసి, భేషుగ్గా ఉందనుకుని, ప్రెస్సుకి పంపేశారు. ఒక్క పేరే కదా అని నాకు చెప్పలేదు.

ఆ నవలలో తల్లి పోయాక కొడుకు ఆమె ట్రంకుపెట్టె తెరిచే ఘట్టం ఒకటుంది. ప్రూఫు చూస్తూ చూస్తూ నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్న చోటు అది. 'అడుగున అమ్మ రవిక మడతపెట్టి ఉంది' అన్న వాక్యం పుస్తకంలో 'అడుగున అమ్మ మధుక మడతపెట్టి ఉంది' అని పడింది. దానికి కాస్త ముందున్న 'అరవిరిసిన మల్లెలు' 'అమధురిసిన మల్లెలు' అయ్యాయి. విడుదల సభలో మాట్లాడడానికి వచ్చినావిడ, పాపం ఎంతో ఇష్టపడి, ఆ పేజీనే ఎంచుకుని చదవడం మొదలుపెట్టింది. ఆ మాట దగ్గర ఆగి, మళ్లీ వెనక్కెళ్లి చదివి, ఇదేమిటన్నట్టు ఆయన వైపు చూసింది. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. అంతే, ఇంకేం లేదు. కానీ ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

వెయ్యి కాపీలు. తప్పొప్పుల పట్టిక వేసి లోపల పెట్టేద్దామండీ, అందరూ చేసేదే అని నేను ఎంతో చెప్పాను. వినలేదు. కట్టలు విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్లిపోయాడు. రెండో నవల అప్పటికే సగం అయింది, మొదటి అధ్యాయం నాకు చదివి వినిపించాడు కూడా, మొదటిదానికంటే ఎంతో బాగుంది. అది బయటికి రాలేదు. తర్వాత ఆయన రాసింది ఏదీ రాలేదు. నువ్వు నవల రాశావని వినగానే నాకు ముందు ఆయనే గుర్తొచ్చాడు తల్లీ. పుస్తకంలో తప్పు పడడం పెద్ద విషయం కాదు, ప్రతి పుస్తకంలోనూ పడతాయి. ఆ సిగ్గుతో నీ చెయ్యి ఆగిపోతుందేమోనన్నదే నా బెంగ.

కాబట్టి, ప్రూఫు అయ్యాక ఒక్క మాట మారినా ఆ పేజీ మళ్లీ చదవాలి, నవల మొత్తంలో మారేదైతే మొత్తం చదవాలి. పేరు మార్చాల్సి వస్తే ఒక్కోచోట ఆగి, చూసి మార్చు, రెండు రోజులు పట్టినా సరే. నువ్వు టైపు చేసేది యూనికోడ్‌లో కదా, పేజీలు కట్టేవాళ్లు పాత ఫాంట్లలోకి మారుస్తారేమో ముందే అడుగు. ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి. 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం' లాంటి మాటలు వెతికి మరీ చూసుకో. ఇప్పుడు ప్రింట్ ఆన్ డిమాండ్ ఉంది, ఎవరైనా అడిగినప్పుడే కాపీ అచ్చవుతుంది, తప్పు కనిపిస్తే ఫైలు మార్చేయొచ్చు అంటావు. నిజమే, అప్పట్లో మాకా వీలు లేదు. కానీ అందరికంటే ముందు కొనేది నిన్ను ప్రేమించేవాళ్లు, తప్పుల కాపీ వాళ్ల ఇళ్లలోనే ఉండిపోతుంది.

అట్ట బొమ్మ ఇప్పుడే వేయించుకో, కానీ కొలతలు ఖాయం చెయ్యకు. పేజీల సంఖ్య, కాగితం మందం తేలితేగానీ వెన్ను ఎంత వెడల్పో తేలదు. లోపలి మార్జిన్ కాస్త ఎక్కువ వదలమను, లేకపోతే బైండింగు మడతలో అక్షరాలు దాక్కుంటాయి.

డబ్బులు తీసుకుని అంతా మేమే చూసుకుంటాం అనే సంస్థలు వస్తాయి. సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడుగు. ఐఎస్‌బీఎన్, అదే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, ఎవరి పేరున? ఆ 13 అంకెలు ఎవరి పేరున తీసుకుంటే రికార్డుల్లో పబ్లిషరు వాళ్లే, రేపు నువ్వు విడిపోయి వేసుకుంటే ఇంకో నంబరు తీసుకోవాలి. (ఈబుక్‌కి ఎలాగూ విడిగా ఇంకోటి కావాలి.) పేజీలు కట్టిన అసలు ఫైలు నీకిస్తారా, పీడీఎఫ్ మాత్రమేనా? అనువాదం, ఆడియో, సినిమా హక్కుల గురించి ఏం రాశారు? కాపీరైట్ నువ్వు రాసినప్పటి నుంచే నీది, కాపీరైట్ గురించి దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్నచోటల్లా రిజిస్ట్రేషన్ లేకపోయినా అది ఉంటుంది. అలాంటిదాన్ని చిన్న అక్షరాల్లో రాసిన ఒక్క వాక్యం కింద సంతకం పెట్టి వదులుకోకు.

ఇంకొకటి, ఇది మీ అమ్మకి తెలియకూడదు. నీ నవలలో తల్లి పాత్ర తనేనేమో అని దానికి లోలోపల భయంగా ఉంది. పైకి అడగదు, దాని సంగతి నీకు తెలుసుగా. అచ్చు అయ్యాక చుట్టాల నోటి నుంచి వినే పరిస్థితి రానివ్వకు. ముందే ఒక రోజు పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు. మార్చమంటే మార్చాలని కాదు, అది నీ ఇష్టం, నీ పుస్తకం. మార్చదలుచుకుంటే మాత్రం ఇప్పుడే తేల్చుకో, ఆయనలాగా ఆఖరి రాత్రి కాదు.

విడుదల వాయిదా అని ఇవాళే అందరికీ చెప్పెయ్. కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. పేజీలు కట్టడం అయ్యాక కాగితం మీద ప్రింటు తీసి, పెద్ద అక్షరాల్లో, ఒకవైపే, వరసల మధ్య ఖాళీ వదిలి నాకు పంపు. తెర మీద నాకు తప్పులు కనపడవు. ఎర్ర పెన్ను కొనిపెట్టుకున్నాను. కథ గురించి నువ్వు అడిగితే తప్ప ఒక్క మాట అనను.

మీ పెద్దమ్మ