టెక్ సందేహాలు: ఎర్రర్ కౌంట్ సున్నా... నమ్మొచ్చా?

ప్రశ్న: మా బోర్డులోని మెమొరీ కంట్రోలర్‌కు టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు లినక్స్ ఈడాక్ (మెమొరీ తప్పుల్ని పట్టి లెక్కపెట్టే వ్యవస్థ) డ్రైవర్ రాశాడు. రివ్యూ నాకు అప్పజెప్పారు. కంపైలర్ వార్నింగులు లేవు. రెండు వారాలుగా నడుస్తోంది, ఎర్రర్ కౌంట్ సున్నాయే. ఓకే చేసేయనా?

జవాబు: ఆగండి. ఇలాంటి డ్రైవర్‌లో సున్నా కనిపిస్తేనే నాకు టెన్షన్. మెమొరీ బాగుందో, డ్రైవరే నిద్రపోతోందో ఆ సున్నా చెప్పదు. మీ కంట్రోలర్‌లో ఎర్రర్ ఇంజెక్షన్ సదుపాయం ఉంటే టెస్ట్ బోర్డు మీద కావాలనే ఒక బిట్ చెడగొట్టించండి, తర్వాత రెండు బిట్లు. 64 డేటా బిట్లకు 8 చెక్ బిట్లు ఉండే మామూలు ఈసీసీ (మెమొరీ తప్పుల్ని పట్టి దిద్దే ఏర్పాటు) ఒక బిట్ తప్పును దిద్దేస్తుంది. రెండైతే పట్టుకుంటుంది గానీ దిద్దలేదు. మొదటిది సీఈ (దిద్దగలిగిన తప్పులు) కౌంట్‌లో, రెండోది యూఈ (దిద్దలేని తప్పులు) కౌంట్‌లో పడాలి. తారుమారైతే, దిద్దలేని తప్పు రాగానే ప్యానిక్ అవ్వాలని (అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోవాలని) సెట్ చేసుకున్న సర్వర్ ఉత్తపుణ్యానికి ఆగిపోతుంది.

ఇక కోడ్‌లో తీరిగ్గా చదవాల్సింది ఇంటరప్ట్ హ్యాండ్లర్, అంటే హార్డ్‌వేర్ నుంచి పిలుపు (ఇంటరప్ట్) రాగానే నడిచే కోడ్. ఏ ఎర్రర్ వచ్చిందో హార్డ్‌వేర్ గుర్తుపెట్టే స్టేటస్ రిజిస్టర్‌ను ముందే క్లియర్ చేసి ఆ తర్వాత అడ్రస్ చదువుతున్నాడేమో చూడండి. ఈలోపు ఇంకో ఎర్రర్ వస్తే పాత తప్పుకు కొత్త చిరునామా అంటుకుంటుంది, బాగున్న మెమొరీని పీకి పారేస్తారు. వివరాలన్నీ చదివాకే క్లియర్ చేయాలి, అదీ తను చూసిన బిట్లనే. అన్నిటినీ ఒకేసారి తుడిచేస్తే మధ్యలో వచ్చిన ఎర్రర్ జాడ లేకుండా పోతుంది.

ఎర్రర్ బిట్ ఏదీ లేనప్పుడు కూడా 'హ్యాండిల్డ్' అని రిటర్న్ చేస్తున్నాడా? ఇది చిన్న విషయం కాదు. ఒక లైన్‌లో వచ్చిన లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కు పైగా ఎవరూ పట్టించుకోకపోతే కెర్నెల్ (లినక్స్ మూలభాగం) ఆ లైన్‌ను మూసేసి లాగ్‌లో మొత్తుకుంటుంది. మీవాడు ప్రతిసారీ 'నేను చూసుకున్నా' అంటుంటే ఆ కాపలా పనిచేయదు.

డ్రైవర్‌ను తీసేసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ కూడా చూడండి. డెవ్ఎమ్ పద్ధతిలో (విడుదల పని కెర్నెలే చూసుకునేలా) తీసుకున్న ఇంటరప్ట్, రిమూవ్ పూర్తయ్యాకే విడుదలవుతుంది. రిమూవ్‌లో ఎంసీ స్ట్రక్చర్‌ను (మెమొరీ కంట్రోలర్ వివరాలుండే డేటాను) ముందే ఫ్రీ చేసేస్తే, ఆ సందులో ఇంటరప్ట్ వచ్చిందా, అప్పటికే ఫ్రీ చేసేసిన మెమొరీని హ్యాండ్లర్ ముట్టుకుంటుంది. ముందు హార్డ్‌వేర్‌లో ఇంటరప్ట్ ఆపి, దాన్ని విడిపించాకే మిగతావి. డ్రైవర్ మొదలయ్యేటప్పుడు నడిచే ప్రోబ్‌లోనూ అంతే: బూట్‌లోడర్ (లినక్స్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) వదిలేసిన పాత ఎర్రర్ బిట్ ఒకటుంటే, ఇంటరప్ట్ అడిగిన క్షణమే హ్యాండ్లర్ పరుగెడుతుంది. అప్పటికి దానికి కావాల్సినవన్నీ సిద్ధంగా ఉండాలి.

ప్రశ్న: మా పీసీలో డీడీఆర్5 ర్యామ్ ఉంది. అందులో ఈసీసీ ఉంటుందంటారు కదా, మరి ఈడాక్‌లో ఏమీ కనిపించదేం?

జవాబు: అది చిప్ లోపలి ఈసీసీ. తప్పును లోపలే దిద్దుకుంటుంది, ఆ సంగతి మెమొరీ కంట్రోలర్‌కు చెప్పదు. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో జరిగే తప్పులకు దానితో సంబంధం లేదు. ఈడాక్‌లో లెక్క కనపడాలంటే ఈసీసీ మాడ్యూళ్లే కావాలి. వాటిని ప్రాసెసర్, మదర్‌బోర్డు రెండూ సపోర్ట్ చేయాలి.