పిల్లల రోబో పోటీకి ఎంతమంది మనుషులు కావాలి?

ప్రశ్న: మేస్టారూ, నమస్కారం. గాజువాక దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. మా బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, పిల్లలు చేతులతో చేసి నేర్చుకోడానికి కేంద్ర ప్రభుత్వ పథకం కింద పెట్టిన ల్యాబు అది. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా, పాడేరు వైపు బడుల్ని కూడా కలుపుకుని, 24 జట్లతో ఒక రోజు రోబో పోటీ పెడదామని నాలుగు బడుల టీచర్లం అనుకున్నాం. ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు హాలు ఇస్తామన్నారు. పిల్లలు తాము చేసిన రోబోతో బల్ల మీద పనులు చేయించే అంతర్జాతీయ పోటీ ఫస్ట్ లెగో లీగ్ పద్ధతినే మాకు తగ్గట్టు మార్చుకుంటున్నాం: ఎనిమిదడుగుల బల్ల, రెండున్నర నిమిషాల ఆట, తర్వాత జడ్జీలతో మాటలు. మా పాత విద్యార్థులు, స్టీలు ప్లాంటులో పనిచేసే తల్లిదండ్రులు సాయం వస్తామంటున్నారు. డబ్బులిచ్చే స్తోమత మాకు లేదు. ఎంతమంది కావాలి? ఎవరికి ఏ పని ఇవ్వాలి? వస్తామని రాకపోతే ఏం చేయాలి? జనవరి రెండో శనివారం అనుకుంటున్నాం.
ఒక టీచరు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ తేదీ మార్చండి. జనవరి రెండో శనివారం అంటే ఎనిమిదికీ పద్నాలుగుకీ మధ్య పడుతుంది. భోగి ముంగిట్లో ఉంటుంది. పిల్లలు అమ్మమ్మ గారి ఊళ్లకి వెళ్లిపోతారు, మీకు మాటిచ్చిన స్టీలు ప్లాంటు వాళ్లూ వెళ్లిపోతారు. అక్టోబరు, నవంబరు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది. డిసెంబరు 4 నేవీ డే, ఆ రోజుల్లో బీచ్ రోడ్డు వైపు రిహార్సల్సు, ట్రాఫిక్ మళ్లింపులు ఉండొచ్చు. అది దాటాక వచ్చే డిసెంబరు రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం తీసుకోండి. శనివారం బల్లలు సర్దుకుని వాలంటీర్లకి నేర్పించండి, ఆదివారం పోటీ. బంగాళాఖాతం డిసెంబరులో కూడా ఊరుకుంటుందని నమ్మలేం కాబట్టి, వాయిదా తేదీ ఒకటి ఉత్తరంలోనే రాసి పంపండి.

ఎంతమంది అన్నది లెక్క వేసుకుంటే మీకే తేలుతుంది. 24 జట్లు, జట్టుకి మూడు ఆటలు, మొత్తం 72. పక్కపక్క బల్లల మీద రెండేసి జట్లు ఆడితే 36 విడతలు. ఆట రెండున్నర నిమిషాలే గానీ, స్కోరు చదవడం, బల్ల మీద సామాను మళ్లీ పేర్చడం, కొత్త జట్టు వచ్చి నిలబడడం కలిపితే విడతకి ఎనిమిది నిమిషాలకి తగ్గదు. రెండే బల్లలుంటే దాదాపు ఐదు గంటలు అక్కడే గడిచిపోతాయి. నాలుగు బల్లలు చేయించండి. ఒక జత మీద ఆడుతుంటే రెండో జత సర్దుకుంటుంది, ఐదు నిమిషాలకో విడత పడుతుంది, మూడు గంటల్లో పని అయిపోతుంది. జడ్జీల గదులు నాలుగు పెట్టండి. జట్టుకి అరగంట, వాళ్లు రాసుకోడానికి పది నిమిషాలు. గదికి ఆరు జట్లు, నాలుగు గంటలు. ఇవి రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఒక జట్టు గదిలోంచి బయటికొచ్చిన వెంటనే బల్ల దగ్గరికి పరుగెత్తే పరిస్థితి రాకుండా, మధ్యలో కనీసం 20 నిమిషాలు ఖాళీ ఉండేట్టు పట్టిక గీయండి.

ఈ లెక్కన బల్లల దగ్గర నలుగురు రిఫరీలు, వాళ్లకి ఒక పెద్ద రిఫరీ, విరామానికి ఇంకొకరు. గదుల్లో ముగ్గురేసి చొప్పున 12 మంది జడ్జీలు, వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించే ఒకరు. బల్లలు సర్దే నలుగురు, జట్లని పిలిచి తెచ్చే నలుగురు, గది గుమ్మాల దగ్గర నలుగురు. స్కోరు, మైకు, గడియారం, రిజిస్ట్రేషను, భోజనం, మంచినీళ్లు, కరెంటు, ఫస్ట్ ఎయిడ్ అన్నీ కలిపితే యాభైకి కొంచెం అటూ ఇటూ. అరవై పేర్లు రాసుకోండి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. నేను ఐటీఐలో ఫిట్టరు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. రిటైరయ్యాక పిల్లల పోటీల్లో రిఫరీగా నిలబడుతున్నాను. నేను చూసినంతలో నిర్వాహకుల శక్తంతా స్టేజీ మీద, బ్యానర్ల మీద, ముఖ్య అతిథి మీద ఖర్చయిపోతుంది. పోటీ బాగా జరిగిందా లేదా అన్నది మాత్రం ఇద్దరి చేతుల్లో ఉంటుంది: జట్టుని వేళకి బల్ల దగ్గరికి తెచ్చేవాళ్లు, స్కోరు పిల్లల ముందు చదివేవాళ్లు. ఈ ఇద్దరి శిక్షణకే మీ శనివారం మధ్యాహ్నమంతా ఇవ్వండి. ప్రారంభ సభ పావుగంట దాటనివ్వకండి. అతిథి ఆలస్యమైతే ఆట మొదలుపెట్టేయండి, వచ్చినప్పుడు ఆయన్ని బల్ల పక్కనే నిలబెట్టి చూపించండి. పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడితే ఆయనకీ సంతోషమే.

రిఫరీల సంగతి. నిబంధనలు ఇంటి దగ్గర చదివి రమ్మంటే ఎవరూ చదవరు, అందులో వాళ్ల తప్పు లేదు. బల్ల ముందు నిలబెట్టి నేర్పాలి. మీ బడి పిల్లల చేత నాలుగు ఆటలు ఆడించండి, ఆరుగురు రిఫరీలూ విడివిడిగా స్కోరు వేయాలి, తర్వాత చీటీలు పోల్చాలి. తేడా వచ్చిన చోటల్లా నిబంధన మళ్లీ చదవాలి. గంట మోగినప్పుడు బల్ల మీద ఏది ఎలా ఉందో దాన్నే లెక్కపెట్టాలి. అటా ఇటా తేలకపోతే జట్టుకే మేలు. స్కోరు చదివాక పిల్లల చేతే చీటీ మీద సంతకం పెట్టించాలి, కోచ్ చేత కాదు. పిల్లలు ఒప్పుకునేదాకా బల్ల మీద వస్తువు ఏదీ కదలకూడదు. సర్దేవాళ్లు ఉత్సాహం కొద్దీ ముందే చేయి వేస్తే ఇక ఆ వివాదాన్ని ఎవరూ తేల్చలేరు. కోచ్‌లు వాదనకి దిగితే పెద్ద రిఫరీ ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు విప్పకూడదు. ముందురోజు రాత్రి నైట్ షిఫ్టు చేసినవాళ్లని రిఫరీలుగా వేయకండి, ఎంత మంచివాళ్లైనా సరే.

జడ్జీలకి పెద్ద చదువులు అక్కర్లేదు. మెయింటెనెన్సులో పనిచేసే ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు చాలా బాగా అడుగుతారు. 'ఇది ముందు ఎలా ఉండేది? ఎందుకు మార్చావమ్మా? ఆ చక్రం తిరిగేది ప్రోగ్రాములో ఏ ముక్క వల్ల, చూపించు.' ఈ మూడు చాలు. పెద్దవాళ్లు చేసిచ్చిన రోబో అయితే అక్కడే బయటపడిపోతుంది. పిల్లలు ఇంగ్లీషులో బట్టీ పట్టి వస్తారు, ఆ మాటల కింద అసలు తెలిసింది కప్పబడిపోతుంది. గదిలోకి రాగానే జడ్జీ తెలుగులో పలకరించాలి, 'ఏ ఊరు, ఏ బస్సుకొచ్చారు' అని. మన్యం నుంచి వచ్చే పిల్లల్లో తెలుగు కూడా ఇంటి భాష కానివాళ్లుంటారు. వాళ్లకి ఇంకో నిమిషం ఇవ్వండి, వాళ్ల టీచరు చేత కాదు, జట్టులో స్నేహితుల చేతే మాట కలిపించండి. ఈ ఒక్క పని చేస్తే ప్రభుత్వ బడి పిల్లలు ఎంత ఆలోచించి చేశారో మీకే తెలుస్తుంది.

మీరు తీసుకున్న పద్ధతిలోనే ఇందుకు చోటుంది. ఫస్ట్ లెగో లీగ్‌లో రోబో ఆట పావు వంతే. రోబోని ఎలా తయారుచేశారు, ఏ సమస్యకి పరిష్కారం వెతికారు, జట్టుగా ఎలా మెలిగారు అన్నవి మిగతా మూడు పావులు. ఈ పోటీ నడిపే ఫస్ట్ సంస్థని 1989లో పెట్టింది అమెరికా ఆవిష్కర్త డీన్ కేమెన్. పోటీలో గట్టిగా తలపడుతూనే అవతలి జట్టుని గౌరవించాలన్న మాటని అక్కడ నాటింది ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్. ఆ నాలుగు పావుల లెక్క మీరూ ఉంచుకోండి. పేరూ లోగో మాత్రం వాళ్లవి వాడకండి, దానికి అనుమతి కావాలి. మీ పోటీకి మీ పేరే పెట్టుకోండి. ఇంకొకటి: అటల్ ల్యాబుల్లో ఆర్డువినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులుంటాయి, ప్రైవేటు బడుల్లో లెగో కంపెనీ స్పైక్ రోబో కిట్లుంటాయి. కిట్టు ఏదైనా రావచ్చు, రోబో కొలత మాత్రం అందరికీ ఒకటే అని రాయండి. లిథియం పాలిమర్ బ్యాటరీలు తెచ్చేవాళ్లుంటే ఛార్జింగు ఒకే బల్ల మీద, ఒక మనిషి ఎదురుగా, పక్కన ఇసుక బకెట్టుతో.

హాలు గురించి. రోబోకి కన్ను లాంటి కలర్ సెన్సరు బల్ల మీది గీతని వెలుతురుని బట్టే చదువుతుంది. ఒక హాల్లో పొద్దున్న గీత పట్టుకుని చక్కగా నడిచిన రోబోలు మధ్యాహ్నం మూడింటికి పడమటి కిటికీలోంచి ఎండ పడేసరికి వరసగా దారి తప్పాయి. పిల్లలు తమ ప్రోగ్రామే తప్పనుకుని ఏడ్చారు. పరదాలు కట్టించండి, ప్రాక్టీసు బల్ల కూడా ఆ వెలుతురులోనే వేయండి. నేరుగా ఫ్యాను కింద బల్ల వద్దు. మన ఉక్కపోతకి ప్లైవుడ్ వంగుతుంది, ముందురోజు సాయంత్రం రసమట్టం పెట్టి చూసి కాళ్ల కింద చెక్కలు దూర్చుకోండి. చుట్టి తెచ్చిన ఆట మ్యాటు రాత్రే బల్ల మీద పరిచేయండి, అంచులు లేవకుండా ఉంటాయి. 24 జట్లు ఒకే హాల్లో బ్లూటూత్ పెడితే ఒకరి రోబోకి ఇంకొకరి ప్రోగ్రాము వెళ్లిపోవచ్చు. రోబోకి మెదడు లాంటి పెట్టె, హబ్, దానికి జట్టు పేరు పెట్టించండి, ప్రోగ్రాము కేబుల్‌తోనే ఎక్కించమనండి. లాప్‌టాప్ ఛార్జర్లు పెద్దగా కరెంటు లాగవు. అదే లైను మీద టీ కాచే హీటరు పెడితేనే, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు పడిపోతుంది. క్యాంటీను లైను వేరు చేయించండి.

ఇక రాకపోవడం గురించి. 'ఆదివారం వచ్చి సాయం చేయండి' అంటే రానివాళ్లు, 'రెండో బల్ల బాధ్యత మీది, తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా' అంటే వస్తారు. పని పేరుతో, వేళతో అడగండి. మూడు రోజుల ముందు ఫోన్ చేయండి, వాట్సాప్ మెసేజీ లెక్కలోకి రాదు. ఎవరి పని ఎవరు అందుకోవాలో చీటీ మీద ఉండాలి. డిగ్రీ పిల్లలు మధురవాడ నుంచి మీ హాలుకి రెండు బస్సులు మారి వస్తారు. ఆ ఛార్జీ మీరివ్వాలి. జీతం లేకుండా చేయడం వేరు, జేబులోంచి డబ్బు పోగొట్టుకోవడం వేరు. బ్యానర్లు రెండు తగ్గించైనా ఇవ్వండి. జడ్జీలు గది వదిలి రాలేరు, వాళ్ల పులిహోర, పెరుగన్నం పొట్లాలు గదికే పంపండి. ఎవరు ఏ పని చేశారో రాసి సంతకం పెట్టిన కాగితం ఇవ్వండి, ఉద్యోగానికి వెళ్లే పిల్లలకి అది పనికొస్తుంది.

పాడేరు జట్లు ఘాట్ రోడ్డు దిగి పొద్దున్నే రాలేవు. శనివారం సాయంత్రమే రప్పించండి, ఆడపిల్లల దగ్గర రాత్రి ఇద్దరు లేడీ టీచర్లు ఉండాలి. వాలంటీరు ఎవరైనా సరే ఒక పిల్లతోనో పిల్లాడితోనో ఒంటరిగా గదిలో ఉండకూడదు. ఇది శనివారం శిక్షణలో అందరి ముందూ చెప్పాలి, మొహమాటం వద్దు.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి, వాళ్ల బడి జట్టులో ఉంది. అదే పోటీకి నేను వాలంటీరుగా వెళ్లవచ్చా? ఇంకో మాట, పిల్లలకి కోడింగు రాక కోచ్‌గారే చేసేస్తున్నారు. చెప్పాలంటే మొహమాటంగా ఉంది.
ఒక తల్లి, మధురవాడ

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా, రిజిస్ట్రేషనులోనో భోజనాల దగ్గరో. రిఫరీగా, జడ్జీగా మాత్రం వద్దు. మీరు ఎంత నిజాయితీగా ఉన్నా పక్క జట్టు తల్లికి అలా అనిపించదు, మీ అమ్మాయికీ ఇబ్బందే. కోచ్ గారితో ఒంటరిగా మాట్లాడండి. 'రోబో ఒక్క పని చేసినా చాలు సార్, అది పిల్లలు చేసిందై ఉండాలి' అనండి. ఆరు పనులు చేసే రోబో గురించి జడ్జీ అడిగితే నోరు పెగలని పిల్లల్ని చూశాను, ఆ ఇంటిదారి వాళ్లకి చాలా బరువు. ఆయన వినకపోతే హెడ్‌మాస్టరు గారికి చెప్పండి. తప్పేమీ లేదు.

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు, కామర్సు. ఇలాంటి పోటీకి వెళ్లాలని ఉంది. రోబోల గురించి ఏమీ తెలీదు. పనికొస్తానా?
ఒక విద్యార్థి

జవాబు: బాబూ, జట్లని పిలిచి తెచ్చే పని నీకు సరిపోతుంది, పెళ్లి పందిట్లో వడ్డించేవాళ్లంత ముఖ్యమైన పని అది. ఆడే వేళకి పది నిమిషాల ముందు జట్టుని వెతికి పట్టుకోవాలి. రోబో, కేబులు, మనుషులు అందరూ ఉన్నారో లేదో చూడాలి, బల్ల దగ్గరిదాకా నడిపించాలి. ఒక అబ్బాయి బాత్రూముకెళ్తే ఎక్కడున్నాడో నీకు తెలియాలి. పట్టిక ముద్రించిన కాగితం జేబులో పెట్టుకో, ఫోను ఛార్జింగు మధ్యాహ్నానికే అయిపోతుంది. మెత్తటి బూట్లు వేసుకో. జట్టు పేరుతో కాకుండా పిల్లల పేర్లతో పిలువు, రిజిస్ట్రేషను దగ్గర ఆ పేర్ల కాగితం అడిగి తీసుకో.