స్పోర్ట్స్ కారుకు 19 అంగుళాల వీల్స్: 4,800 డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 29. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో హెచ్1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం ఏడాదికి 96,000 డాలర్లు, చేతికి నెలకు 5,900 వస్తుంది. గుంటూరులో అమ్మానాన్నలకు పంపే 700, అద్దె, కారు వాయిదా, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి నెల ఖర్చు 4,300. సేవింగ్స్‌లో 9,000 ఉన్నాయి. 401కెలో, అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, జీతంలో 3 శాతం వేస్తున్నాను. కంపెనీ 6 శాతం వరకు సగం మ్యాచ్ చేస్తుంది, అంటే నేను వేసేదాంట్లో సగం తనూ కలుపుతుంది. నా కారు 2023 టొయోటా జీఆర్86 ప్రీమియం. దానికి 19 అంగుళాల వ్యాసం, 9.5 అంగుళాల వెడల్పు, +35 ఆఫ్‌సెట్ ఉన్న వీల్స్, 265/30 ఆర్19 టైర్లు వేయించాలని ఉంది. టైర్లకే 1,400, అంతా కలిపి 4,800 అని షాపువాళ్లు కొటేషన్ ఇచ్చారు. వాళ్ల స్టోర్ కార్డు తీసుకుంటే 12 నెలల్లో మొత్తం కట్టేస్తే వడ్డీ ఉండదట, లేకపోతే 29 శాతం. ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతాను, రేస్ ట్రాక్‌కు వెళ్లను. కారుతో వచ్చిన టైర్లు సగానికి పైగా అరిగాయి. కొనొచ్చా? సైజు సరైనదేనా?

జవాబు: వీల్స్ కొనుక్కోండి. కానీ ఆ సైజు వద్దు, ఆ కార్డు అసలే వద్దు. ఇష్టపడి కొన్న కారు మీద ఖర్చు పెట్టడాన్ని నేను దుబారా అనను. ఇంటికి డబ్బు పంపుతూ, అప్పుల్లో మునగకుండా నడుచుకుంటున్నారు. ఆ సరదాకు మీ బడ్జెట్‌లో చోటు ఉంది. ముందు సైజు గురించే మాట్లాడతాను, ఎందుకంటే వచ్చే ఆరేళ్లలో ఈ వీల్స్ మీద మీరు ఎంత పెడతారనేది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మీ కారుకు కంపెనీ ఇచ్చిన టైరు 215/40 ఆర్18. అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, రిమ్ 18 అంగుళాలు, పక్కగోడ ఎత్తు వెడల్పులో 40 శాతం, అంటే 86 మిల్లీమీటర్లు. మీరు అడుగుతున్న 265/30 ఆర్19లో ఆ పక్కగోడ 79.5కు దిగుతుంది. చూడ్డానికి తేడా చిన్నదే. కానీ గుంటలో పడినప్పుడు రిమ్‌ను కాపాడేది ఆ రబ్బరే. పైగా వీల్ పెద్దది, బరువైనది. ఒక్క గట్టి దెబ్బకు టైరు పక్కన ఉబ్బు వస్తుంది లేదా రిమ్ వంగుతుంది. అలాంటి రిమ్‌ను సరిచేయించడమో కొత్తది కొనడమో తప్పదు, ఆ ఖర్చు కొటేషన్‌లో కనిపించదు.

ఇంకో అంకె ఆఫ్‌సెట్. వీల్ వెడల్పులో సరిగ్గా మధ్య నుంచి, అది హబ్‌కు (వీల్‌ను బిగించే ఇరుసు చివరి భాగం) ఆనుకునే తలం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ఆ అంకె తగ్గేకొద్దీ వీల్ బయటికి జరుగుతుంది. మీ పాత వీల్ 7.5 అంగుళాల వెడల్పు, +48. కొత్తది 9.5 అంగుళాలు, +35. రెండు అంగుళాల అదనపు వెడల్పు అంటే ఒక్కో వైపు 25.4 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ 13 తగ్గింది కాబట్టి వీల్ అంచు బయటికి దాదాపు 38 మిల్లీమీటర్లు వస్తుంది, లోపలికి 12 వెళ్తుంది. 38 అంటే నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మామూలు ఎత్తులో ఉన్న జీఆర్86లో స్టీరింగ్ తిప్పి గుంతలో దిగితే టైరు ఫెండర్‌కు, అంటే చక్రం పైన ఉండే బాడీ రేకుకు, రాసుకునే అవకాశం చాలా ఎక్కువ. అప్పుడు షాపువాళ్లు ఫెండర్ అంచు మడిచేస్తామంటారు, క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, పెంచమంటారు. క్యాంబర్ బాగా పెంచితే టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. ఈ ఖర్చులేవీ 4,800లో లేవు. ఆ సైజుకు నేను ఒప్పుకోకపోవడానికి ఇది పెద్ద కారణం.

ఇక టైర్ల ఖర్చు. వీల్ ఒక్కసారి కొంటారు, టైరు మాత్రం అరిగే వస్తువు. స్పోర్ట్స్ టైరు ఒక సెట్టు రెండేళ్లు, అంటే 24,000 మైళ్లు వస్తుందనుకుందాం. ఆరేళ్లలో మూడు సెట్లు. మీ కొటేషన్ ధర ప్రకారం 19 అంగుళాల టైర్లకు 4,200 డాలర్లు అవుతుంది. 17 అంగుళాల 225/45 సైజు సెట్టుకు నేను 750 వేసుకుంటున్నాను, మూడు సెట్లకు 2,250. తేడా 1,950. అది ఎన్నుకున్న రోజున కాక, తర్వాత ఒక్కో బిల్లులో బయటపడుతుంది. 17లో దొరికే మోడళ్లు కూడా ఎక్కువ. ఒక టైరు పాడై అత్యవసరంగా కొనాల్సి వచ్చినప్పుడు అది ఎంత ఉపయోగమో అప్పుడు తెలుస్తుంది.

అందుకే నా సలహా: 17 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల వెడల్పు, +45 దగ్గరి ఆఫ్‌సెట్, 225/45 ఆర్17 టైర్లు, నాలుగూ ఒకే సైజు. వీల్ బయటికి 9 మిల్లీమీటర్లు, లోపలికి 3 మాత్రమే జరుగుతుంది. టైరు మొత్తం ఎత్తు 634 మిల్లీమీటర్లు. ఇప్పటిది 629, అంటే తేడా ఒక శాతం కూడా లేదు. స్పీడోమీటర్ దాదాపు అలాగే ఉంటుంది. పక్కగోడ 101 మిల్లీమీటర్లు, గుంటలకు ధైర్యంగా ఉంటుంది. జీఆర్86 బేస్ మోడల్ 17 అంగుళాల వీల్స్‌తోనే వచ్చింది కాబట్టి బ్రేకులకు తగులుతుందన్న భయం లేదు, మధ్యలో ఎవరైనా పెద్ద బ్రేకులు వేయించి ఉంటే తప్ప. అదే రకం తయారీలో 17 వీల్ 19 కంటే తేలిగ్గా ఉంటుంది. 228 హార్స్‌పవర్ ఉన్న తేలికపాటి కారులో ఆ బరువు తేడా మీకు స్టీరింగ్‌లోనే తెలుస్తుంది. కారు బాగా నడవాలనే కదా మీరు ఇది కొన్నది!

ఎప్పటికైనా ట్రాక్ డేలకు వెళ్లే ఆలోచన ఉంటే 17కు 9, +42, 245/40 ఆర్17 అనేది ఈ కారు వాళ్లలో బాగా వాడుకలో ఉన్న సైజు. ఇప్పటికి మీకు అది అవసరం లేదు.

కొనేటప్పుడు మూడు సంగతులు షాపును అడగండి. బోల్ట్ ప్యాటర్న్ 5 మీద 100 ఉండాలి, అంటే 100 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు. హబ్ రంధ్రం 56.1 మిల్లీమీటర్లు, పెద్దదైతే హబ్ రింగులు పెట్టాలి, లేకపోతే స్పీడులో వణుకు వస్తుంది. వీల్ మీద జేడబ్ల్యూఎల్ (అల్లాయ్ వీల్స్‌కు జపాన్ ప్రమాణం) ముద్ర, అది మోయగల బరువు స్పష్టంగా ఉండాలి. ఏ బ్రాండో తెలియని చౌక రకం నకలు వీల్స్ జోలికి పోకండి, అక్కడ డబ్బు మిగల్చడం నాకు అస్సలు ఇష్టం లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లే కారు ఇదొక్కటే అయితే సమ్మర్ టైర్ల బదులు మంచి ఆల్ సీజన్ తీసుకోండి. టెక్సస్‌లో చలి తక్కువే కానీ, 2021 ఫిబ్రవరిలో మంచు, గడ్డకట్టే చలి పడిన లాంటి వారం వస్తే సమ్మర్ టైరు పట్టు వదిలేస్తుంది. ఆల్ సీజన్ మామూలుగా ఎక్కువ మైళ్లు కూడా వస్తుంది.

ఇప్పుడు ఆ కార్డు. వడ్డీ లేదు అంటే రెండు రకాలు ఉంటాయి. ఒకటి నిజంగా సున్నా వడ్డీ, గడువు తర్వాత మిగిలిన బాకీ మీదే వడ్డీ. రెండోది డిఫర్డ్ ఇంట్రెస్ట్. మీరు రాసిన తీరు చూస్తే మీకిచ్చేది రెండోదే. అందులో వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలో పడుతూ ఉంటుంది. 12 నెలల్లో పూర్తిగా కట్టేస్తే మాఫీ. కొద్దిగా మిగిలినా మొత్తం ఏడాది వడ్డీ ఒక్కసారిగా మీద పడుతుంది. 4,800 తీసుకుని నెలకు 300 చొప్పున కట్టారనుకోండి. ఏడాది చివరికి 1,200 బాకీ మిగులుతుంది. దానికి తోడు సుమారు 900 డాలర్ల వడ్డీ చేరుతుంది. కార్డు అడిగే మినిమమ్ పేమెంట్ కట్టుకుంటూ పోతే గడువులోపు బాకీ తీరుతుందన్న నమ్మకం కూడా లేదు.

నగదు పెట్టి కొంటే? 9,000లో 4,800 పోతే 4,200 మిగులుతుంది, అది మీకు నెల ఖర్చుకు కూడా చాలదు. ఇక్కడే నాకు ఎక్కువ టెన్షన్. హెచ్1బి మీద ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఆలోపు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. అద్దె, వాయిదా, అమ్మానాన్నలకు పంపేది ఆగవు. తిరుగు ప్రయాణమైతే ఆ ఖర్చు వేరే. మీలాంటి వారికి నాలుగు నెలల ఖర్చు, అంటే 17,000 దాకా, పక్కన ఉండాలని నా అభిప్రాయం.

401కె సంగతి వెంటనే సరిచేయండి. 3 శాతం దగ్గర ఆగడం వల్ల కంపెనీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న 1.5 శాతం, ఏడాదికి 1,440 డాలర్లు వదిలేస్తున్నారు. 6కు పెంచితే మీ వాటా నెలకు 240 పెరుగుతుంది. పన్ను తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చే జీతంలో కోత 190 లోపే ఉంటుంది. మ్యాచ్ పూర్తిగా మీదవడానికి ఎన్నేళ్లు పనిచేయాలో ఒకసారి హెచ్ఆర్‌ను అడిగి తెలుసుకోండి.

ఆ కోత పోగా నెలకు 1,400 మిగులుతుంది. అందులో 1,000 సేవింగ్స్‌కు, 300 వీల్స్ కోసం తెరిచిన వేరే ఖాతాకు ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. ఎనిమిది నెలల్లో సేవింగ్స్ 17,000 అవుతుంది, వీల్స్ ఖాతాలో 2,400 ఉంటుంది. వీల్స్‌కు 1,100, టైర్లకు 750, టైర్ ప్రెషర్ సెన్సర్లకు 200, పైన సేల్స్ టాక్స్, బిగింపు, అలైన్‌మెంట్ వేసుకుంటే ఆ 2,400 సరిపోతుంది. అప్పటికి మీరు ఇంకో 8,000 మైళ్లు తిరిగి ఉంటారు, పాత టైర్లు ఎలాగూ చివరికొస్తాయి. టైర్ల 750 అప్పుడు ఎటూ పెట్టాల్సిన ఖర్చే, కాబట్టి సరదా కోసం అదనంగా పెట్టేది 1,650. ఈలోగా నెలకోసారి గేజ్‌తో టైరు గాడి లోతు చూసుకోండి. 32లో 4 భాగాల అంగుళానికి దిగితే వానలో పట్టు తగ్గుతుంది, అప్పుడు ఎనిమిది నెలలు ఆగకుండా టైర్లు మార్చేయండి.

వారంటీ పోతుందని భయపెట్టేవాళ్లు ఉంటారు. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం (అమెరికా వారంటీ చట్టం) ప్రకారం బయటి వీల్స్ వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడం కుదరదు. ఆ వీల్ వల్లే పాడైన భాగానికి మాత్రం కంపెనీ కాదనవచ్చు. ఇన్సూరెన్స్‌వాళ్లకు మాత్రం ముందే చెప్పండి. కస్టమ్ పార్ట్స్ కవరేజీ చేర్చుకోకపోతే దొంగతనం జరిగినా ప్రమాదం జరిగినా కొత్త వీల్స్ విలువ పూర్తిగా రాకపోవచ్చు. రసీదులు, ఫొటోలు దాచుకోండి.

పాత 18 అంగుళాల వీల్స్ అమ్మేయకండి. కారు అమ్మే రోజున అవి తిరిగి బిగించి, 17 అంగుళాల వీల్స్‌ను విడిగా అమ్ముకోవచ్చు. కొత్తవి వేయించిన తర్వాత 50 నుంచి 100 మైళ్ల లోపు షాపుకు వెళ్లి, ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు నట్లు మళ్లీ బిగించమని అడగండి.