తాలు కుప్పలో ఎర్ర చుక్క

గుంటూరు, బ్రాడీపేట

అమ్మాయ్,

నీ సినిమా స్క్రిప్టు సోమవారం అందింది. అంతకు ముందురోజే మీ నాన్న ఫోన్ చేశాడు. "ఎంటెక్ చదివిన పిల్ల ఇంట్లో కూర్చుని నరుకుళ్ల కథ రాస్తోందిరా, నువ్వు చెబితే వింటుంది, మాన్పించు" అన్నాడు. చదివాక చెబుతానన్నాను. రెండుసార్లు చదివాను. మాన్పించే ఉద్దేశం నాకు లేదు. ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి నువ్వే మానేస్తానంటావేమో, అది వేరే సంగతి.

112 పేజీలు, 78 సీన్లు, 9 చావులు. కథ వినేముందు లెక్క చూసుకోవడం నాకు పాత అలవాటు, ఏమనుకోకు. ఆ 78 సీన్లలో 61 రాత్రిపూట పెట్టావు. దాని గురించి తర్వాత తిడతాను.

ముందు మిర్చి కల్లం సంగతి. అది మాత్రం నీది. నలుగురు స్నేహితులు ఫామ్‌హౌస్‌కి వెళ్లారు అని మొదలుపెట్టేవాళ్లకి అది దొరకదు. అర్ధరాత్రి కల్లంలో కాపలా పడుకున్న ముసలాయన, గాలికి టపటపా కొట్టుకునే పట్టలు, బాగా ఎండిన కాయల మీద ఎవరో కాలు పెడితే వచ్చే ఆ చప్పుడు. ఆ చప్పుడు చదివినప్పుడు పేజీ పక్కన టిక్కు పెట్టాను. కింద నువ్వు రాసిన వాక్యం చూసి ఆ టిక్కు కొట్టేశాను. "రక్తం మిరపకాయల మీదుగా పారింది."

ఎర్రటి కాయల మీద ఎర్రటి రక్తం పారితే కెమెరాకి ఏం కనిపిస్తుంది తల్లీ? అదీ అర్ధరాత్రి!

కల్లంలో ఇంకో కుప్ప కూడా ఉంటుంది, చిన్నప్పుడు మీ అమ్మమ్మ ఊళ్లో చూసే ఉంటావు. ఆడకూలీలు బారుగా కూర్చుని తాలుకాయలు ఏరి పక్కన పోస్తుంటారు. రంగు పోయి పాలిపోయిన కాయలు. టిక్కీల్లో, అంటే బస్తాల్లో, మంచికాయతో కలిసి మిర్చి యార్డుకి వస్తే రేటు పడిపోతుందని విడిగా పోసే కుప్ప అది. నీ హత్య రాత్రే జరగనీ, చూపించకు. తెల్లారగానే ఏరడానికొచ్చిన మనిషికి తాలు కుప్పలో ఎర్రగా ఏదో కనిపిస్తుంది. మంచికాయ పొరపాటున ఇందులో పడిందనుకుని తీయబోతుంది. వేళ్లకి తడి తగులుతుంది. మూడు వారాలు ఎండిన కాయకి తడేంటి? చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. అక్కడ కట్ చెయ్యి. గొడ్డలి అక్కర్లేదు, మేకప్‌మేన్ అక్కర్లేదు, ఒక ఆడమనిషి, ఒక చెయ్యి, పొద్దుటి ఎండ చాలు.

సినిమా రక్తంతో నాకు పాత పగ ఉందిలే. తొంభైల్లో తెనాలి పక్క ఒక పల్లెలో చిన్న సినిమాకి అసిస్టెంట్ రైటర్‌గా ఉన్నాను. చక్కెర పాకంలో ఎర్ర రంగు కలిపి, కాస్త ముదురు రంగు రావాలని కాఫీ పొడి వేసి బకెట్టెడు రక్తం కాచారు. శవం వేషం కుర్రాణ్ని అరటితోటలో పడుకోబెట్టి ఒంటినిండా పూశారు. లైటింగ్ కుదరడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా ఆ తోటలో ఉన్న ఎర్రచీమలన్నీ పాకానికి చేరాయి. డైరెక్టర్ యాక్షన్ అనగానే శవం లేచి కేకలు పెడుతూ కాలువలో దూకింది. ఆ రాత్రి డీజిలు, భోజనాలు, బేటాలు కూడా దాంతోపాటే కాలువలో కలిశాయి. తర్వాతి రోజు ఆ శవానికి దుప్పటి కప్పి తీశాం. నిజం చెబితే దుప్పటే ఎక్కువ భయపెట్టింది.

ఇక నీ హంతకుడు. ముసుగేశావు. పాత అమెరికన్ సినిమాలు చూసి పెరిగావని తెలుస్తూనే ఉంది, తప్పేం లేదు. నేనూ క్యాసెట్లు అద్దెకి తెచ్చుకుని రాత్రంతా చూసినవాణ్నే. 1978లో 'హాలోవీన్' తీసినప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది 3 లక్షల డాలర్ల పైచిలుకు, సుమారు 20 రోజుల షూటింగు. రెండు డాలర్లు కూడా చెయ్యని ఒక ముసుగు, స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్లో కెప్టెన్ మొహం, కొనుక్కొచ్చి తెల్ల రంగు కొట్టారు. కథేమో అక్టోబరు, అక్కడ ఆకులు రాలే కాలం, షూటింగేమో వసంతంలో. ఎండుటాకులు ఎక్కణ్నుంచొస్తాయి? ఆకులకి రంగేసి రోడ్డు మీద చల్లి, షాట్ అయ్యాక మళ్లీ ఏరుకుని దాచుకున్నారు. డబ్బుల్లేని సినిమా ఎలా తీయాలో వాళ్ల దగ్గర నేర్చుకో. ముసుగు మాత్రం తెచ్చుకోకు. అందులో హీరోయిన్ కేకలేస్తూ పక్కింటి తలుపు బాదితే లోపలివాళ్లు తలుపు తియ్యరు. ఆ వీధిలో ఎవడెవడో ఎవరికీ పట్టదు కాబట్టి ముసుగు పనిచేసింది.

మన పల్లెలో ఆడపిల్ల కేక వేసి చూడు. రెండు నిమిషాల్లో ముప్పై మంది వచ్చేసి "ఏమైందే, ఎవడే" అంటారు. పాపం హంతకుడికి నిలబడ్డానికి చోటుండదు. కొత్తమనిషి ఊళ్లోకి వస్తే బస్సు దిగిన చోటే "ఎవరబ్బాయివి?" అని మొదలుపెడతారు. మీ అమ్మమ్మ సంగతే చూడు. చీకట్లో అరుగు మీద కూర్చుని, పోయేవాడి చెప్పుల చప్పుడు విని "ఏరా, ఇంత పొద్దుపోయి ఎక్కడికి?" అని పేరు పెట్టి పిలుస్తుందా లేదా? దగ్గు విని చెబుతుంది, సైకిల్ గొలుసు మోత విని చెబుతుంది. నీ 23వ సీన్లో హంతకుడు ముసుగేసుకుని వీధి పొడుగునా నడుచుకుంటూ వస్తాడు. చివరి ఇంటి ముసలావిడ గుర్తుపట్టేస్తుంది. సినిమా అక్కడితో అయిపోతుంది.

నేనైతే దాన్ని అక్కడితో అవనివ్వను, అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఆవిడ గుర్తుపట్టింది. గుర్తుపట్టి నోరు మూసుకుంది. ఎందుకు మూసుకుంది? వాడు ఆవిడకి మేనల్లుడా? వాడి దగ్గర అప్పు తీసుకుందా? చచ్చినవాడు చావాల్సినవాడేనని ఆవిడ లోపల అనుకుందా? ఇది నువ్వు తేల్చు. ఎవరు చంపారు అన్నది పట్నం కథ. పల్లె కథలో ఎవరో ఒకరికి ఎప్పుడూ తెలిసే ఉంటుంది.

నీ స్క్రిప్టులో ముసుగు తీస్తే లోపల వలస కూలీ కొడుకు. అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది, కాగితాలు పక్కన పెట్టి టీ తాగొచ్చాను. కాయ కోతకి కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వచ్చి, చేను గట్టున గుడారం వేసుకుని ఉండేవాళ్లు. నువ్వు వాళ్లని అమ్మమ్మ అరుగు మీద నుంచి చూశావు. చీకట్లో మంట చుట్టూ కూర్చున్నవాళ్లు, మాట కాస్త వేరుగా ఉన్నవాళ్లు, నీకు భయమేసి ఉంటుంది. ఆ భయాన్ని తెచ్చి క్లైమాక్స్‌లో పెట్టేశావు. ఒకసారి అటు నుంచి చూడు. చెప్పుల చప్పుడుకి మనిషిని గుర్తుపట్టే ఊరికి ఆ గుడారాల్లో ఒక్కడి పేరు కూడా తెలియదు. ఊళ్లో ఏదన్నా పోతే ముందు ఎవరి మూటలు విప్పుతారు? ముసలావిడ నోరు మూసుకున్న పాపానికి ఆ కుర్రాణ్ని జీపెక్కిస్తారు. నీ సెకండాఫ్ మొత్తం అందులో ఉంది. గుడారంలో వాడి చెల్లెలు ఉంటుంది చూడు, 40వ సీన్లో నీళ్లు మోసుకెళ్లి మళ్లీ కనపడని పిల్ల. నాకైతే నీ హీరోయిన్ కంటే ఆ పిల్లే గుర్తుండిపోయింది.

చావులు నాలుగుకి తగ్గించు. ఒకే రాత్రిలో తొమ్మిది మంది పోతే ఒక్కళ్లూ ఏడవలేదేంటి నీ కథలో? శవం లేచేదాకా ఆ వీధిలో పొయ్యి వెలిగించరు మన దగ్గర. పక్కూరి నుంచి చుట్టాలు దిగుతారు, డప్పులొస్తాయి, "నిన్న సాయంత్రం నాతో మాట్లాడాడే" అని ప్రతివాళ్లూ చెప్పుకుంటారు. అవన్నీ రాయి. చంపినవాడు ఎవడో ప్రేక్షకుడికి అప్పటికే తెలుసు, ఊరికి తెలియదు. వాడు వచ్చి పాడెకి భుజం పట్టాడనుకో. చుక్క రక్తం లేదు, హాల్లో ఎవడూ కుర్చీలో సరిగ్గా కూర్చోలేడు.

61 రాత్రి సీన్లన్నాను కదా. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజుల్లో ఒక పెద్దాయన స్క్రిప్టు తెరవకుండానే అడిగేవాడు, "నైట్లు ఎన్ని?" అని. చీకటి చూపించాలంటే లైట్లు కావాలి, లైట్లకి జనరేటర్ కావాలి, అది చప్పుడు చేస్తుంది కాబట్టి దూరంగా పెట్టాలి, అక్కడి నుంచి కేబుల్ లాగాలి. ఒంటిగంట దాటాక యూనిట్ సగం నిద్రపోతుంది. నీ ప్రొడ్యూసర్ మీ సీనియర్ వాళ్ల మావయ్య అన్నావు, ఆయన పొలం అమ్మి పెడుతున్న డబ్బు. 20 రాత్రి సీన్లకి కుదించు.

మరి భయం ఎలా అంటావా? మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందకి పోవద్దని నిన్ను ఎన్నిసార్లు తిట్టి ఉంటారు చిన్నప్పుడు? మనకి పన్నెండు గంటలు పగలైనా రాత్రైనా ఒకటే. అన్నాలు తిని అందరూ పడుకున్నాక వీధిలో కోడి కూడా తిరగదు. ఎక్కడో రేడియో, ఎక్కడో రోలు చప్పుడు, కళ్లు చిట్లించేంత ఎండ. 1974లో వచ్చిన 'టెక్సస్ చైన్‌సా మాసకర్' కూడా ఎండాకాలం మాడిపోయే ఎండలో తీసిందే. అంత పేరు పడ్డ సినిమాలో తెర మీద కనిపించే రక్తం ఎంతో చూశావా? చాలా తక్కువ. ఉక్క, చెమట, ఎముకలు. మన ఎండ ఆ ఎండకి ఏం తీసిపోదు, పైగా దానికి అద్దె కట్టక్కర్లేదు.

ఊరు ఖాళీగా ఎందుకుందో నువ్వు ఎక్కడా చెప్పలేదు, జూనియర్ ఆర్టిస్టులకి డబ్బుల్లేక ఖాళీ చేశావని తెలిసిపోతోంది. కారణం నీ ఎదురుగానే ఉంది. మీ అమ్మమ్మ ఊరు నరసరావుపేట పక్కనే కదా. కథని శివరాత్రికి పెట్టు. కాయ కల్లాల్లో ఉండే రోజులే అవి. ఊరంతా ప్రభ, అదే ఎత్తుగా కట్టి అలంకరించిన వెదురు చట్రం, కట్టుకుని కోటప్పకొండ తిరునాళ్లకి కదులుతుంది. 90 అడుగుల ప్రభలు కూడా ఉంటాయి, తీగలు అడ్డమొస్తాయని అవి కదిలేటప్పుడు కరెంటు తీసేస్తారు. ఇళ్లల్లో మిగిలేది కదల్లేని ముసలివాళ్లు, కల్లాల కాపలాదార్లు, గుడారాల్లో వాళ్లు. ప్రభ ఊరు దాటింది. కరెంటు మాత్రం తిరిగి రాలేదు. దీనికి నువ్వు ఒక్క డైలాగు కూడా రాయక్కర్లేదు.

చిన్న సంగతులు రెండు. సీన్ 9లో హంతకుడు కోడిని నరుకుతాడు, అది తీసెయ్. బతికున్న జంతువుని షూటింగులో వాడితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, నీ బడ్జెట్‌కి ఆ తలనొప్పి దండగ. రెండోది, సెన్సారులో ఇప్పుడు యూఏ 7+, 13+, 16+ అని మెట్లున్నాయి. నరుకుళ్లు ఇలాగే ఉంచితే ఏకంగా పెద్దలకి మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్ ఇస్తారు, 'ఏ' వచ్చిన సినిమాని టీవీలో వెయ్యరు. ఆ మావయ్యగారి పొలం డబ్బులు గుర్తుంచుకో.

డైలాగుల గురించి ఏమీ అనను. ముసలాళ్ల మాటలు బాగా రాశావు, కుర్రాళ్లవి సినిమాలు చూసి రాశావు. నీకే తెలుసు.

ఇప్పుడు మళ్లీ కూర్చుని రాసెయ్యకు. ఈ శివరాత్రికి అమ్మమ్మ ఊరు వెళ్లు. అందరూ కొండకి బయల్దేరితే నువ్వు ఆగిపో. రాత్రి మీ మావయ్యతో పాటు కల్లం దగ్గర కాపలా పడుకో. సెల్ ఆపేసి పదకొండు నుంచి నాలుగు దాకా ఏమేం వినిపించిందో వరసగా రాసి నాకు పంపు. కాయ ఘాటుకి తుమ్ములొస్తాయి, ఓర్చుకో. నక్కి ఉన్న నీ హంతకుడికీ అవి వస్తాయని అప్పుడు తెలుస్తుంది, ఆ సీను ఎలా మారాలో నేను చెప్పక్కర్లేదు. గుడారాల దగ్గరికి పగలు వెళ్లి ఆ పిల్లల పేర్లు అడుగు.

మీ నాన్నకి రాత్రే ఫోన్ చేశాను. "చెప్పావా?" అన్నాడు. "చెప్పాను, శివరాత్రికి అమ్మమ్మ దగ్గరికి వెళ్తుందిలే" అన్నాను. చాలా సంతోషించాడు. మిగతాది నువ్వూ చెప్పకు.

టార్చిలైటు మర్చిపోవద్దు, పట్టల కింద పాములుంటాయి.

ఆశీస్సులతో,
బాబాయ్